ఆదివారపు తక్కెడ



ఈ నెల ధ్యానమునకు కీర్తనలలోనుండి ఒక భాగమును తీసికొని వ్రాయవలెనని కూర్చుంటిని. సగము కాగితము వ్రాసి చింపివేసితిని. మనస్సులో ఒక సంగతి యుండగా చేతితో మరియొక సంగతి వ్రాయుట నాకు చేతకాలేదు. అందుచేత ఆ సంగతినే మీ యెదుట పెట్టుచున్నాను. ఇందులో ఇతరుల తప్పుకంటె నా తప్పే ఎక్కువగా నున్నది గనుక ఎవరును తమ్మును గూర్చి వ్రాసితినని నొచ్చుకొనవద్దు.

గడచిన పెద్దల కూటములో, ఖాళీగా నున్న ఒక పెద్ద స్థానమునకు పేర్లు అడిగితిమి. ఒక యౌవనస్థుడు లేచి, సంతలో మాంసము అమ్ము మన సహోదరుని పేరు చెప్పెను. కొంతసేపు ఎవరును మాటలాడలేదు. తరువాత పెద్దలలో ఒకరు నెమ్మదిగా ఇట్లనిరి: “మంచివాడే, కాదనను. కానీ ఆదివారం పొద్దున్న మనమందరం గుళ్లో ఉంటే ఆయన కత్తి పట్టుకుని మొద్దు దగ్గరుంటాడు. విశ్రాంతిదినం పాటించనివాణ్ణి పెద్దగా ఎట్లా పెడతాం?” అధ్యక్షస్థానములో కూర్చున్నవాడను నేను. అందరును నావైపు చూచిరి. నేను పుస్తకము త్రిప్పి, “తరువాతి సంగతి చూతము” అంటిని. తరువాతి సంగతి గుడి పైకప్పు రేకులు. దానిని గూర్చి ఒక గంటసేపు మాటలాడితిమి.

మరునాడు ఆదివారము. ఆరాధన ముగించి ఇంటికి వచ్చి భోజనమునకు కూర్చుంటిని. నా భార్య మాంసపు కూర వడ్డించెను. నాలుగు ముద్దలు తిన్న తరువాత, ఎప్పుడు తెప్పించితివని అడిగితిని. “పొద్దున ఆరింటికే పిల్లాణ్ణి పంపానండి. అయ్యగారికని చెబితే కార్జం ముక్క ఊరికే వేశాడట” అనెను. ముద్ద చేతిలోనే నిలిచిపోయెను. కూటములో అభ్యంతరము చెప్పిన పెద్దగారింటను ఆ దినము అదే కూర. మా రెండు పెరళ్లకును నడుమ ఒక్క దడియే యున్నది, తాళింపు వాసన దడిని లెక్కచేయదు గదా.

ఆదివారము అమ్ముట దోషమైన యెడల ఆదివారము కొనుట ఏమగును? ఇదే నన్ను పట్టుకొన్న ప్రశ్న. దీనికి జవాబు చెప్పుటకు ముందు ఆ కుటుంబమును గూర్చి కొంచెము చెప్పవలసియున్నది. పేర్లు వ్రాయను.

ఆ సహోదరుని తాతగారి దినములలో దుకాణము లేదు. సంతనాడు చింతచెట్టు కొమ్మకు త్రాడు కట్టి మేకను వ్రేలాడదీయుదురు. క్రింద తాటాకు చాప, దానిమీద చింతమొద్దు. మాంసమును తూచుట తక్కువ, పోగులు పెట్టుట ఎక్కువ. ప్రతి పోగులోను కొంత మెత్తని మాంసము, కొంత ఎముక, ఒక కొవ్వు ముక్క, చిటికెడు కార్జము ఉండవలెను. అందరును తమకు నచ్చిన పోగు ఏరుకొనిన తరువాత మిగిలిన పోగు ఆయన యింటికి వెళ్లెడిదట. పోగులు సమముగా పెట్టించుటకు ఇంతకంటె మంచి ఉపాయమును ఏ ప్రభుత్వమును కనిపెట్టలేదని నా తలంపు. కూలివారి చేతిలో డబ్బు ఉండెడిది కాదు. గోడమీద బొగ్గుతో గీతలు గీసికొని, కోతలైన తరువాత కళ్లములో వడ్లు కొలిపించుకొనువాడు.

తరువాత నయాపైసలు వచ్చెను, అది 1957. మరుసటి సంవత్సరము కిలోగ్రాముల పద్ధతి మొదలై, 1962 నాటికి దేశమంతటను పాత తూనికల స్థానమున నిలిచెను. మన యిండ్లలో ముసలివారిని అడుగుడి, ఆ మార్పు ఎంత గందరగోళమో చెప్పుదురు. వీశె అనగా నలువది పలములు, అనగా సుమారు 1,400 గ్రాములు. అరవీశె 700 గ్రాములు, పదలము 350, ఏబలము 175. అరవీశె అడిగిన ముసలమ్మకు అరకిలో తూచి, “అదీ ఇదీ ఒకటేలే” యని అరవీశె వెల తీసికొన్నవారు ఆ కాలమున లేకపోలేదు. ఈ తాతగారు కొంతకాలము పాత వీశె రాయిని క్రొత్త కిలో రాయి ప్రక్కనే మొద్దుమీద పెట్టుకొని, అడిగినవారికి రెండును చేతికిచ్చి బరువు చూపించెడివాడట. చదువు రాని మనిషి. సంచిలో రెండు విధములైన రాళ్లు ఉంచుకొనరాదని ద్వితీయోపదేశకాండము 25వ అధ్యాయము చెప్పుచున్నది. ఈయన రెండు రాళ్లును సంచిలో దాచక అందరి యెదుట పెట్టెను. ఆ లేఖనమును ఆయన ఎన్నడైన వినెనో లేదో నేనెరుగను.

తండ్రిగారి కాలమున సంతలో పంచాయతీవారి గది అద్దెకు దొరికెను. అప్పటికిని పని మారలేదు. మన మెవరమును ఆ పనిని దగ్గరగా చూడలేదు గనుక వ్రాయుచున్నాను. పశువును కొనునప్పుడు తూచరు, కంటితో చూచి, నడుముమీద చేయివేసి అంచనా కట్టుదురు. బ్రదికియున్న మేక బరువులో మాంసముగా తేలునది సుమారు సగమే. రెండు కిలోలు అంచనా తప్పిన యెడల ఆ దినపు లాభము పోయినట్లే. రాత్రి మూడు గంటలకు లేవవలెను. ఒక జీవము ఎదుట మరియొకదానిమీద కత్తి పెట్టకూడదని ఆ యింట తాతనాటినుండి వచ్చిన నియమము. తోలుకు ఉప్పు పట్టించి ఆరవేయుట, తలకాయ, కాళ్లు కాల్చుట, బోటీని వేడినీళ్లతోను సున్నముతోను కడుగుట, ఇవన్నియు ఎక్కువగా ఆడవారి పని. ఆ సహోదరుని తల్లిగారి చేతివ్రేళ్లు సున్నమునకు ఒరిసిపోయి యుండుట నేను చూచితిని. ప్రభురాత్రి భోజనపు రొట్టె ఆ చేతులలో పెట్టునప్పుడు చూచితిని.

ఆ తండ్రిగారి కాలమున జరిగిన సంగతి యొకటి కొడుకు నాకు చెప్పెను. వర్షాకాలము. సంతకు ముందటి రాత్రి అప్పు చేసి కొన్న మూడు పొట్టేళ్లలో మంచి బలిసినది ఒకటి తెల్లవారకముందే చచ్చిపోయెను. చిటుకరోగము. గొర్రెల కాపరులకు అది తెలిసిన సంగతే, తొలకరి పచ్చగడ్డి మేసిన ఆరోగ్యమైన జీవమునే ఆ రోగము గంటలలో కొట్టివేయును. కోసి వ్రేలాడదీసిన యెడల చూచినవారికి తేడా తెలియదు. ఇంటిలో ఎవరును మాటలాడలేదు. తండ్రి పలుగును పారను తీసికొనెను. పదేండ్ల ఈ పిల్లవాడు లాంతరు పట్టుకొనెను. “నాన్న ఏమీ చెప్పలేదండి అయ్యగారూ. గొయ్యి అయిపోయిందనుకున్నాను. ఇంకా లోతు తియ్యాలన్నాడు. మళ్లీ తీశాం. కుక్కలు తోడకూడదు, మనుషులూ తోడకూడదు అన్నాడు.” ఆ అప్పు తీరుటకు ఆ యేడు క్రిస్మసు కూడ దాటిపోయెనట.

సెమినరీలో చదువుకొన్న దినములలో, యూదుల ప్రాచీన బోధలైన మిష్నాలో కటికవాని వృత్తిని గూర్చి ఒక కఠినమైన మాట యున్నదని ఉపాధ్యాయులొకరు చెప్పిరి. ఎంత మంచి కటికవాడైనను అమాలేకీయులతో భాగస్థుడని దాని భావము. పదునొకండవ శతాబ్దపు వ్యాఖ్యాత రషీ దానికి కారణము వివరించెను: తినదగినదో కాదో సందేహమైన జీవము అతని చేతికి వచ్చును, తన డబ్బు పోవునని అతడు దానిని జనులచేత తినిపించును. అప్పుడు ఆ మాట వ్రాసికొని మరచిపోయితిని. ఈ గొయ్యి సంగతి విన్నప్పుడు జ్ఞాపకము వచ్చెను. రషీ చెప్పిన శోధన నిజమైనదే. ఆ శోధన వచ్చిన రాత్రి ఈ మనుష్యుడు చేసినది గొయ్యి త్రవ్వుట.

ఇక్కడ ఒక మాట దాచకుండ చెప్పవలెను. తానుగా చచ్చినదానిని ఇశ్రాయేలీయులు తినకూడదు గాని, పరదేశికి ఇయ్యవచ్చును, అన్యునికి అమ్మవచ్చునని ద్వితీయోపదేశకాండము 14:21లో అనుమతి యున్నది. ఈ వచనము నాకు కష్టముగానే యున్నది. వివరణలు చదివితిని, పూర్తిగా తృప్తి కలుగలేదు. ఆ తండ్రి పై ఊరివారికి అమ్ముకొనవచ్చును గదా. సంతకు పది ఊళ్లవారు వత్తురు. ఆయనకు ఆ భేదము తోచలేదు. ధర్మశాస్త్రము ఒకప్పుడు ఇచ్చిన సెలవుకంటె ఈ మనుష్యుని మనస్సాక్షి కొంచెము ముందుకు నడచినదని వ్రాయుటకు నేను భయపడుచున్నాను గాని, వ్రాయకుండ ఉండలేను.

కొడుకునకు ఇప్పుడు నా వయస్సే. ఫ్రిజ్ వచ్చినది, అంకెలు చూపు కాటా వచ్చినది. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాలలో కోళ్లకు బర్డ్ ఫ్లూ సోకినప్పుడు జనులు కోడిమాంసము మాని మేకమాంసమునకు వచ్చిరి. అప్పుడు ధర ఎంత పెంచితివని అడిగితిని. “జీవాల ధర పెరిగినంత పెంచానండి. అంతకు మించి పెంచితే మా తాత రాయి నా నెత్తిన పడుతుంది” అని నవ్వెను. ఆ వీశె రాయి ఇంకను వారి యింటిలోనే, తలుపు కదలకుండ అడ్డుగా పెట్టబడియున్నది.

ఇక ప్రశ్నకు వత్తును. జీవహింసను గూర్చి కొందరు మాటలాడుదురు గాని, ఆ మాట మాంసము తిననివాడు చెప్పిన యెడల వినవలసినదే. తినువాడు చెప్పిన యెడల వినవలసినది లేదు. నరికిన చేయి ఒకటి, నమిలిన నోరు మరియొకటియని దేవునియెదుట వేరు చేయలేము. జలప్రళయము తరువాత నోవహుకు మాంసాహారము ఇయ్యబడినది (ఆది. 9:3), ఆ వెంటనే రక్తమును గూర్చిన హెచ్చరికయు ఇయ్యబడినది. పేతురు యొప్పేలో చాలదినములు దిగియున్నది చర్మకారుడైన సీమోను ఇంటిలోనే. చచ్చిన తోళ్లతో పనిచేయువాని యింటి మిద్దెమీద ప్రార్థించుచున్నప్పుడే, దేవుడు పవిత్రము చేసినదానిని నిషిద్ధమనకూడదను దర్శనము ఆయనకు కలిగెను (అపొ. కార్య. 10). ఆ యింటి వాసన ఆ దర్శనమునకు అడ్డు రాలేదు.

ఆదివారపు సంగతి ఇంత సులభము కాదు. నాలుగవ ఆజ్ఞను తేలికచేయుటకు నేను వ్రాయుటలేదు. మన మాచరించునది వారములో మొదటి దినము, అది ప్రభువు లేచిన దినము. రోమా చక్రవర్తి కొన్‌స్టాంటైను క్రీ. శ. 321లో ఆదివారమును సెలవుదినముగా చేసినప్పుడు పట్టణములలో పనులు ఆపించెను గాని, పొలము పనిచేయువారిని మినహాయించెను. మనమును ఆదివారము గేదెను పితుకుదుము, కాలువ నీటి వంతు వచ్చిన యెడల పారపట్టి వెళ్లుదుము. అవి ఆగని పనులు. మాంసపుకూర అట్టి ఆగని పనియా? నిజముగా చెప్పుడి. ఆదివారము పప్పు తిన్న యెడల ఎవరి ప్రాణమును పోదు.

నెహెమ్యా 13వ అధ్యాయము తీసి చదువుడి. యెరూషలేములో విశ్రాంతిదినమున సంత జరుగుచుండెను. తూరు దేశస్థులు చేపలు తెచ్చి అమ్ముచుండిరి. ఈ చేపల అమ్మకము విషయమై నెహెమ్యా మొదట ఎవరిని గద్దించెనో చూడుడి. చేపలవారిని కాదు. 17వ వచనములో యూదుల ప్రధానులను గద్దించెను, ఈ చెడ్డపని చేయుచున్నది మీరేయని వారితో వాదించెను. తరువాత తలుపులు మూయించెను. బయట కాచుకొనియున్న వర్తకులను హెచ్చరించుట ఆ తరువాతి సంగతి. ఈ వరుసను నేను ఇరువది యేండ్లుగా చదువుచున్నాను, ఇంతవరకు గమనింపలేదు. కొనువాడున్నంతవరకు అమ్మువాడు గోడ బయటనైనను పడుకొనియుండును. మన కూటములో మేము వరుసను తలక్రిందులు చేసితిమి. చేపలవానిని గద్దించి, ప్రధానులము చేపలు తింటిమి.

మొదటి సమూయేలు 2వ అధ్యాయము ఇంకను నన్ను నొప్పించెను. ఏలీ కుమారులు యాజకులు. ఉడుకుచున్న మాంసములో మూడు ముండ్ల కొంకిని గ్రుచ్చి, పైకి వచ్చినదంతయు తీసికొనుచుండిరి. దానిచేత జనులకు యెహోవా నైవేద్యమునందే అసహ్యము పుట్టెను. మాంసము విషయమై ఆ మందిరములో దోషులైనవారు మాంసము తెచ్చినవారు కారు, యాజకులే. అయ్యగారికని చెప్పగానే ఊరికే వచ్చుచున్న ఆ కార్జపు ముక్క ఎన్ని సంవత్సరములుగా వచ్చుచున్నది? నా చేతిలో కొంకి లేదు, ఒక చిన్న సంచి యున్నది, అంతే భేదము.

సోమవారము సాయంకాలము ఆయన దుకాణమునకు వెళ్లితిని. మొద్దును ఉప్పువేసి కడుగుచుండెను. కూటములో జరిగినదంతయు చెప్పితిని. అప్పటికే వినియుండెను, ఊరిలో ఏ మాట ఆగును?

“ఆయన అన్నదాంట్లో తప్పేముందండి? నేను ఆదివారం రావడం లేదు గదా. నాకు ఆశ లేదని చెప్పను అయ్యగారూ. వారమంతా అమ్మినదొక ఎత్తు, ఆదివారం ఒక్కపూట ఒక ఎత్తు. అమ్మాయి ఇంటర్ ఫీజు ఆ ఒక్కపూటలోంచే కట్టాను.”

సాయంకాలపు ఆరాధనకైనను రావచ్చును గదా యని అడిగితిని. కొంచెము సేపు మొద్దునే రుద్దెను.

“రెండుసార్లు స్నానం చేసి వచ్చేవాణ్ణండి ఒకప్పుడు. ఒకరోజు నేను కూర్చోగానే ప్రక్కనాయన చాప లాక్కుని ముందుకు జరిగారు. ఆయన తప్పు కాదులెండి, వాసన చేతుల్లోంచి పోదు. అందుకే బుధవారం ఇళ్ల ప్రార్థనకు వచ్చి గుమ్మం బయట కూర్చుంటున్నాను. బయట గాలి ఆడుతుంది.”

నేను ప్రతి బుధవారమును ఆ కూటము జరిపించుచున్నాను. గుమ్మము బయట ఎవరు కూర్చుండిరో ఎన్నడును లేచి చూడలేదు.

అధ్యక్షుల లక్షణములను గూర్చి పౌలు తిమోతికి వ్రాసిన భాగమును (1 తిమోతి 3) మరల చదివితిని. ధనాపేక్ష లేనివాడు, తన యింటివారిని బాగుగా ఏలువాడు, బయటివారివలన మంచి సాక్ష్యము పొందినవాడు అని అడుగుచున్నాడు. వృత్తి యేమని అడుగుటలేదు. బయటివారి సాక్ష్యము విషయములో మన పెద్దలందరిని, నన్నును కలిపి, సంతలో నిలువబెట్టి విచారించిన యెడల ఎవరి కెంత వచ్చునో నాకు తెలియును. ఎవరిని నమ్మి పిల్లవానిని ఒంటరిగా డబ్బిచ్చి పంపుదురో ఆ మనుష్యుని పేరు ఆ సంతలో వేరు మతస్థులును చెప్పుదురు.

ఆయన ఆదివారము అమ్ముట పూర్తిగా నిర్దోషమని నేను చెప్పను, ఆయనయు చెప్పలేదు. అయితే ఆ దోషములో ఆయన భాగము ఎంత, మన భాగము ఎంత అని పోగులు పెట్టవలసి వచ్చిన యెడల, ఆయన తాతవలె పెట్టవలెను, చివరకు మిగిలిన పోగు పెట్టినవాడే తీసికొనవలెను.

“దీనికి ఏమి చేయవచ్చును?” అని ఆయననే అడిగితిని. వెంటనే చెప్పెను. చాలకాలమునుండి ఆలోచించి పెట్టుకొన్న జవాబువలె నుండెను.

“శనివారం సాయంత్రం కొనండి. ఇప్పుడు సగం ఇళ్లలో ఫ్రిజ్‌లున్నాయి, లేనివాళ్లు ఆ రాత్రే వండుకు తినొచ్చు. మన సంఘంవాళ్లు పాతిక ఇళ్లవాళ్లు శనివారం తీసుకుంటే, నేను ఆదివారం తొమ్మిదింటికి తలుపేస్తాను. ఇతరులు తిట్టుకున్నా సరే. పూర్తిగా మానేస్తానని మాత్రం ఇప్పుడే మాటివ్వలేను.”

“పెద్ద స్థానము సంగతి?” అంటిని.

“అది వాదించి తెచ్చుకునేది కాదండి.”

ఈ సంగతులను మరల పెద్దల కూటములో పెట్టితిని. నేను మౌనముగా నుండుట తప్పని మొదట ఒప్పుకొంటిని. అభ్యంతరము చెప్పిన పెద్దగారు చాలసేపు మాటలాడలేదు, తరువాత, “మా ఇంట్లో చెప్పి చూస్తాను” అనిరి. ఇంకొకరు, ఇట్లు చేసిన యెడల శనివారము సాయంకాలము మన ప్రార్థనకు ఆటంకమగునని చెప్పిరి. అదియు ఆలోచింపవలసిన మాటయే. ఆ స్థానమునకు ఎన్నిక వచ్చే నెలకు వాయిదా పడినది. చాప లాగుకొన్నవారు ఎవరో ఆయన చెప్పలేదు, నేనును అడుగలేదు.

ఆ శనివారము సాయంకాలము పిల్లవానిని పంపక నేనే సంచి తీసికొని వెళ్లితిని. నాకంటె ముందు మన సంఘమువారు ఇద్దరు నిలిచియుండిరి. నా వంతు రాగా అరకిలో అడిగితిని. ఆయన తూచెను, కాటామీద అంకె నిలిచెను. నిలిచిన తరువాత అలవాటు చొప్పున ఒక కార్జపు ముక్క తీసి పైన వేయబోయెను. వద్దంటిని. నా ముఖము చూచి, ముక్కను మరల పళ్లెములో పెట్టి, పొట్లము కట్టి యిచ్చెను.